సాయానికి ముందు సంప్రదింపు: గౌరవప్రదమైన పనిలో యజమానుల వంతు

ప్రతి ఏడాదీ ఈ సంచికలో మనం చేసిన సాయాల వివరం చదువుకుంటాం. ఒక ఇంటికి ఆపరేషన్ ఖర్చు, ఇంకో ఇంటి పిల్లలకు స్కూలు ఫీజు, రంజాన్ నెలలో రేషన్, పెళ్లికి ఎదిగిన ఆడపిల్ల ఉన్న ఇంటికి కొంత ఆసరా. దాతల చెయ్యి పెద్దది కాబట్టే ఇవన్నీ సాగుతున్నాయి. అల్లాహ్ ఈ దానాలను స్వీకరించుగాక.

అయితే సాయం కోరుతూ వచ్చే దరఖాస్తులను కాస్త నిదానంగా చదివితే ఒక సంగతి తెలుస్తుంది. ఆ ఇళ్లలో చాలావాటిలో పని లేక ఖాళీగా ఉన్నవారు లేరు. ఇంటి పెద్ద హోటల్లో వంట చేస్తున్నాడు, లేదా మెకానిక్ షెడ్డులో ఉన్నాడు, లేదా కార్ఖానాలో గాజులకు రాళ్లు అద్దుతున్నాడు. ఇల్లాలు ఇంట్లో కూర్చుని బీడీలు చుడుతోంది, బట్టలు కుడుతోంది. పొద్దున లేచింది మొదలు రాత్రి వరకు అందరూ పనిలోనే ఉన్నారు. కానీ చెయ్యి మిషన్లో పడిన రోజున, జ్వరం వచ్చి పది రోజులు పనికి వెళ్లలేని నెలలో, ఆ పని వాళ్లను నిలబెట్టలేకపోయింది. అప్పుడు వాళ్లు మన దగ్గరికి వచ్చారు.

మన దాతల్లో చాలామంది నలుగురికి పని ఇచ్చేవారు. దుకాణం, బేకరీ, వర్క్‌షాప్, హోటల్, కాంట్రాక్టు పని, ఏదో ఒకటి నడుపుతున్నారు. ఈ పాఠం ముఖ్యంగా వారి కోసం. దానం చేసే చేతికీ కూలి లెక్కపెట్టే చేతికీ ఉన్న సంబంధాన్ని ఇందులో పరిశీలిద్దాం. మేం చెప్పదలచుకున్నది ఒక్కటే: పని గౌరవంగా ఉండాలంటే పనిచేసేవారితో కూర్చుని మాట్లాడే అలవాటు యజమానులకు ఉండాలి. ఆ మాట్లాడటం ఒక్కొక్కరుగా కాక, సంఘంగా కూడా జరగాలి.

రెండు మాటలకు అర్థం

అంతర్జాతీయ కార్మిక సంస్థ, అంటే ఐఎల్ఓ, 1919లో ఏర్పడింది. 1999లో దాని డైరెక్టర్ జనరల్‌గా ఉన్న హువాన్ సోమావియా తన నివేదికలో ఒక లక్ష్యాన్ని ముందుకు తెచ్చారు. దాన్ని తెలుగులో గౌరవప్రదమైన పని అనుకోవచ్చు. దానికి నాలుగు కాళ్లు: చేతినిండా పని దొరకడం, పనిలో హక్కులు ఉండటం, జబ్బు, ప్రమాదం, ముసలితనం వచ్చినప్పుడు రక్షణ ఉండటం, నాలుగోది సామాజిక సంప్రదింపు. ఈ నాలుగో కాలు లేకపోతే మిగతా మూడూ నిలవవు. కూలి ఎంత ఉండాలో, భద్రత ఎలా ఉండాలో ఎవరో ఒకరు మాట్లాడుకుంటేనే కదా తేలేది.

సామాజిక సంప్రదింపు అంటే ప్రభుత్వం, యజమానులు, పనిచేసేవారు తమ మధ్య ఉన్న విషయాలను మాటలతో తేల్చుకోవడం. ఇందులో మూడు మెట్లు ఉన్నాయి. మొదటిది సమాచారం చెప్పడం. వ్యాపారం ఎలా ఉంది, వచ్చే నెల పని ఉంటుందా లేదా అన్నది దాచకుండా చెప్పడం. రెండోది అభిప్రాయం అడగడం. నిర్ణయం యజమానిదే అయినా, తీసుకునే ముందు పనివారి మాట వినడం. మూడోది బేరం, ఒప్పందం. రెండు పక్షాలూ కొంత ఇచ్చి కొంత పుచ్చుకుని, ఒక మాట మీదికి వచ్చి, దాన్ని రాసుకోవడం.

ఇది మనకు కొత్త సంగతేమీ కాదు. పనివాడి చెమట ఆరకముందే కూలి చెల్లించాలన్న ప్రవక్త ముహమ్మద్ (స) బోధ మన ఇళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఖుర్ఆన్‌లో 42వ సూరా పేరే అష్షూరా, అంటే సంప్రదింపు. కూలి సంగతి, సంప్రదింపు సంగతి రెండూ మనకు విడివిడిగా బాగా తెలుసు. ఆ రెంటినీ మన కార్ఖానాలో ఒకచోటికి తేవడమే మిగిలింది.

యజమాని కుర్చీ ఎందుకు ముఖ్యం

ఐఎల్ఓ వార్షిక సమావేశానికి ప్రతి సభ్యదేశం నలుగురు ప్రతినిధులను పంపుతుంది. ఇద్దరు ప్రభుత్వం నుంచి, ఒకరు యజమానుల నుంచి, ఒకరు కార్మికుల నుంచి. ఎవరి ఓటు వారిదే. యజమానుల ప్రతినిధి ప్రభుత్వం చెప్పినట్టు ఓటు వేయనక్కరలేదు. ప్రపంచ సంస్థల్లో ఇలాంటి ఏర్పాటు అరుదు. ఇలా మూడు పక్షాలతో సంప్రదింపులు జరపాలన్న 144వ ఒడంబడికను మన దేశం 1978లో ఆమోదించింది.

యజమానికి ప్రత్యేకంగా ఒక కుర్చీ వేయడంలో అర్థం ఉంది. ప్రభుత్వం చట్టం రాయగలదు కానీ ప్రతి షెడ్డులోకీ రోజూ వచ్చి చూడలేదు. పనివాడు కష్టం చెప్పుకోగలడు కానీ తాళంచెవి, ఖాతా పుస్తకం అతని చేతిలో ఉండవు. వెనక తలుపు తెరిచి ఉంచాలా మూసి ఉంచాలా, జీతం ఒకటో తారీఖున ఇవ్వాలా పదిహేనున ఇవ్వాలా, పాత వైర్లు మార్చాలా వద్దా అన్నవి యజమాని చేతిలో ఉన్న విషయాలు. ఆయన రాకుండా జరిగిన చర్చ తీర్మానంతో ఆగిపోతుంది. ఆయన వచ్చి ఒప్పుకున్నది మరునాడే అమలవుతుంది.

ఆయన రాకపోతే ఏమవుతుందో, వచ్చాక ఏం మారుతుందో చూడటానికి మన పొరుగుదేశం బంగ్లాదేశ్ అనుభవం కంటే స్పష్టమైన పాఠం మరొకటి లేదు.

సావర్‌లో జరిగింది

బంగ్లాదేశ్ రాజధాని ఢాకాకు దగ్గర్లో సావర్ అనే ఊరు ఉంది. అక్కడి రాణా ప్లాజా ఎనిమిది అంతస్తుల భవనం. కింద బ్యాంకు, దుకాణాలు. పైన ఐదు బట్టల ఫ్యాక్టరీలు. 2013 ఏప్రిల్ 23న గోడలకు, స్తంభాలకు పగుళ్లు కనిపించాయి. అందరినీ బయటికి పంపేశారు. మరునాడు బ్యాంకు తెరవలేదు, దుకాణాలు తెరవలేదు. పై అంతస్తుల్లో కుట్టుపని చేసేవారిని మాత్రం పనిలోకి రమ్మన్నారు. లోపలికి వెళ్లడానికి చాలామంది భయపడ్డారు. వెళ్లకపోతే నెల జీతం పోతుందన్న భయం ఇంకా పెద్దది. ఏప్రిల్ 24 ఉదయం కరెంటు పోయి జనరేటర్లు నడిచిన కాసేపటికే భవనం కూలిపోయింది. 1,134 మంది చనిపోయారు. రెండు వేలకు పైగా గాయపడ్డారు. వారిలో ఎక్కువమంది ఆడవాళ్లు.

దానికి ఐదు నెలల ముందే, 2012 నవంబరులో, అదే ఢాకా శివార్లలోని తజ్రీన్ ఫ్యాక్టరీలో మంటలు చెలరేగి వందమందికి పైగా చనిపోయారు. అంటే హెచ్చరిక లేకుండా వచ్చిన విపత్తు కాదు ఇది.

ఇక్కడ ఆగి ఆలోచించాల్సిన విషయం ఒకటి ఉంది. పగుళ్లు ముందురోజే అందరికీ కనిపించాయి. ఏం చేయాలో తెలియని సమస్య కాదది. వద్దు, లోపలికి వెళ్లం అని పనివాళ్లు గట్టిగా చెప్పగలిగిన ఏర్పాటు అక్కడ లేదు. ఆ ఫ్యాక్టరీల్లో వారి తరఫున మాట్లాడే సంఘం లేదు. బ్యాంకు ఉద్యోగులను, కుట్టుపనివారిని వేరుచేసింది గోడల బలం కాదు, ఎవరి మాటకు ఎంత విలువ ఉందన్నదే.

దాతలకు ప్రత్యేకంగా పనికొచ్చే పాఠం ఆ తర్వాత జరిగింది. చనిపోయినవారి కుటుంబాలకు, చేతులు కాళ్లు పోయినవారికి పరిహారం ఇవ్వాలి. కానీ ఆ దేశంలో పని ప్రమాదాలకు బీమా ఏర్పాటు లేదు. అందుకని ఐఎల్ఓ మధ్యవర్తిగా ఉండి ఒక నిధి పెట్టింది. ఆ నిధిలోకి కంపెనీలు స్వచ్ఛందంగా విరాళాలు ఇవ్వాలి. అవసరమని లెక్కతేలిన మొత్తం సుమారు 3 కోట్ల డాలర్లు. అది పూర్తిగా సమకూరేసరికి 2015 జూన్ వచ్చింది. ప్రపంచంలోని పెద్దపెద్ద బ్రాండ్లకు బట్టలు కుట్టిన మనుషుల కుటుంబాలు రెండేళ్లకు పైగా విరాళాల కోసం ఎదురుచూశాయి. దానం ఎంత మంచిదైనా, అది ఇచ్చేవారి వీలును బట్టి వస్తుంది. గాయపడినవారి అవసరం అంతవరకు ఆగదు.

యజమానులు బల్ల దగ్గరికి వచ్చాక

ప్రమాదం జరిగిన కొద్ది వారాలకే, 2013 మేలో, విదేశీ బ్రాండ్లకూ కార్మిక సంఘాలకూ మధ్య అకార్డ్ అనే ఒప్పందం కుదిరింది. ఇది ఉత్త హామీ పత్రం కాదు, చట్టబద్ధంగా కట్టుబడాల్సిన ఒప్పందం. దీని కిందికి 1,600కు పైగా ఫ్యాక్టరీలు వచ్చాయి. ఇంజనీర్లు వెళ్లి స్తంభాలు, వైర్లు, మెట్లు, తలుపులు తనిఖీ చేశారు. లోపాల జాబితాలు అందరూ చూసేలా బయటపెట్టారు. ఫ్యాక్టరీల్లో భద్రతా కమిటీలకు శిక్షణ ఇచ్చారు. ప్రమాదం కనిపిస్తే లోపలికి వెళ్లనని చెప్పే హక్కును గుర్తించారు.

కానీ ఈ ఒప్పందంలో ఫ్యాక్టరీల యజమానులు సంతకందారులు కారు. మార్పులు చేయాల్సింది వారు. షరతులు రాసింది మాత్రం ఇతరులు. ఖర్చు మా మీద వేసి పెత్తనం మీరు చేస్తున్నారన్న అసంతృప్తి వారిలో పెరిగింది. అది కోర్టుల దాకా పోయింది. చివరికి యజమానుల సంఘంతో 2019 మేలో అవగాహన కుదిరింది. 2020 జూన్ నుంచి ఒక కొత్త మండలి ఈ పనిని తీసుకుంది. దాని బోర్డులో యజమానులు, బ్రాండ్లు, కార్మిక సంఘాలు మూడింటికీ సమానంగా చోటు ఉంది.

2022 జూన్‌లో ఇంకో అడుగు పడింది. ప్రభుత్వం, యజమానులు, కార్మిక సంఘాలు ఒప్పుకుని, ఐఎల్ఓ తోడ్పాటుతో పని ప్రమాదాలకు పరిహారం ఇచ్చే పథకాన్ని ప్రయోగాత్మకంగా మొదలుపెట్టాయి. చనిపోయినవారి కుటుంబానికి, శాశ్వతంగా పనిచేయలేనివారికి నెలనెలా డబ్బు అందే ఏర్పాటు ఇది. 2013లో విరాళాల మీద ఆధారపడింది, 2022 నాటికి హక్కుగా మారడం మొదలైంది. ఈ రెంటి మధ్య జరిగింది సంప్రదింపే.

అక్కడ అంతా చక్కబడిందని అనలేం. 2023లో కనీస వేతనం నిర్ణయించే బోర్డులో యజమానుల ప్రతినిధి మొదట 10,400 టాకాలు ప్రతిపాదించారు. కార్మికులు అడిగింది దానికి దాదాపు రెట్టింపు. వీధుల్లో నిరసనలు జరిగాయి, ప్రాణాలు కూడా పోయాయి. ఆఖరికి 12,500 టాకాలు ఖరారైంది. కమిటీ ఉన్నా, అందులో నిజమైన మాట ఆలస్యంగా మొదలైతే ఇలాగే ఉంటుంది. కుర్చీలో కూర్చుంటే చాలదు, ఎదుటివారి ఇంటి లెక్క తెలుసుకుని కూర్చోవాలి.

మన దేశపు అనుభవం

ఆ ఇంటి లెక్క ఎలా వేయాలో మన దేశంలోనే ఒకప్పుడు యజమానులు, కార్మికులు కలిసి తేల్చారు. 1942 ఆగస్టులో డాక్టర్ అంబేద్కర్ కార్మిక శాఖ బాధ్యతలు చూస్తున్నప్పుడు, ప్రభుత్వం, యజమానులు, కార్మికులు కలిసి కూర్చునే సమావేశాలకు ఢిల్లీలో పునాది పడింది. తర్వాత అదే భారత కార్మిక సమావేశంగా స్థిరపడింది. దాని 15వ సమావేశం 1957లో జరిగింది. కనీస వేతనం గాలిలో లెక్క కాకూడదని, ఒక కుటుంబం అవసరాల నుంచి రావాలని అక్కడ మూడు పక్షాలూ ఒప్పుకున్నాయి.

ఆ లెక్క ఇది. సంపాదించే ఒక్కరి మీద మూడు వినియోగ యూనిట్లు ఆధారపడి ఉంటాయి. ఆడవారి, పిల్లల సంపాదనను ఇందులో కలపకూడదు. పెద్దవారికి రోజుకు 2,700 కేలరీల తిండి. నలుగురున్న కుటుంబానికి ఏడాదికి 72 గజాల బట్ట. ఇంటి అద్దె. వంటచెరకు, దీపం, ఇతర ఖర్చులకు మొత్తం వేతనంలో 20 శాతం. 1991లో రప్తకోస్ బ్రెట్ కేసులో సుప్రీంకోర్టు పిల్లల చదువు, వైద్యం, పెళ్లి, ముసలితనం వంటివాటి కోసం ఇంకో 25 శాతం చేర్చాలని చెప్పింది. కనీస వేతనం గురించి ఈ దేశంలో ఇప్పటికీ ఎవరు మాట్లాడినా ఈ కొలతల దగ్గరికే రావాలి. యజమానుల సమ్మతితో పుట్టిన లెక్క కాబట్టే దానికి అంత బలం. అయితే ఆ వేదికే ఇటీవల బలహీనపడింది. 2015 జూలైలో 46వ సమావేశం జరిగిన తర్వాత ఏళ్ల తరబడి మరొకటి జరగలేదు.

ఒక ఊరి స్థాయిలో చూడాలంటే తమిళనాడులోని తిరుప్పూర్ ఉంది. బనియన్లు, టీషర్టులు తయారుచేసే చిన్నాపెద్దా యూనిట్లు వేలకొద్దీ ఉన్న ఊరు అది. 1984లో కరువు భత్యం కోసం అక్కడ నెలల తరబడి సమ్మె నడిచింది. రెండు పక్షాలూ బాగా నష్టపోయాయి. అక్కడి యజమానుల సంఘాలు, కార్మిక సంఘాలు కొన్నేళ్లకోసారి కూర్చుని ఊరంతటికీ కలిపి కూలి ఒప్పందం రాసుకుంటాయి. ఒప్పందంలో లేని యూనిట్లు ఉన్నాయి, అమలులో లోపాలూ ఉన్నాయి. అయినా చిన్న యజమానులు కలిసి బేరం చేయగలరని, అలా చేసినందుకు వ్యాపారం మూతపడదని తిరుప్పూర్ చూపింది.

చిన్న కార్ఖానా, చట్టం అంచు

ఇక మన దగ్గరికి వద్దాం. చట్టం ప్రకారం వందమంది, అంతకంటే ఎక్కువ పనిచేసేచోట యజమాని, కార్మికుల ప్రతినిధులు సమానంగా ఉండే వర్క్స్ కమిటీ పెట్టమని అడగవచ్చు. ఇరవై మంది ఉంటే ఫిర్యాదులు వినే కమిటీ ఉండాలి. ప్రావిడెంట్ ఫండ్ సాధారణంగా ఇరవై మంది దగ్గర మొదలవుతుంది. ఈఎస్ఐ పది మంది దగ్గర మొదలవుతుంది.

మన సమాజంలో ఎక్కువమంది జీవనం చిన్న వృత్తుల మీద, సొంత వ్యాపారాల మీద నడుస్తోందని 2006 నాటి సచార్ కమిటీ నివేదిక కూడా చెప్పింది. మన వర్క్‌షాపులో నలుగురు, బేకరీలో ఆరుగురు, టైలరింగ్ దుకాణంలో ముగ్గురు ఉంటారు. పైగా ఇంట్లో కూర్చుని డజను లెక్కన, వెయ్యి లెక్కన పనిచేసే ఆడవారిని లెక్కలోకి తీసుకునేవారే తక్కువ. అంటే చట్టం వేసే బల్ల మన గుమ్మం దాకా రాదు. అందువల్ల ఆ బల్లను మనమే వేసుకోవాలి.

ఒక్కడుగా వేసుకోవడం కష్టమని మాకూ తెలుసు. ఒక సేట్ కూలి పెంచితే, పక్క కార్ఖానావాడు పెంచకుండా సరుకు తక్కువకు అమ్ముతాడు. మంచివాడికి నష్టం, గట్టివాడికి లాభం. మార్కెట్లో అందరూ కలిసి ఒక కింది గీత గీసుకుంటేనే ఈ పోటీ ఆగుతుంది. కూలి తగ్గించి పోటీపడటం మానేసి, పనితనంలో, డిజైన్‌లో పోటీపడవచ్చు.

అలాంటి గీత లేకపోతే పోటీ ఎంత దూరం వెళ్తుందో హైదరాబాద్ చూసింది. 2015 జనవరిలో పోలీసులు పాతబస్తీలోని గాజుల కార్ఖానాల నుంచి వందలమంది పిల్లలను విడిపించారు. ఎక్కువమంది బీహార్ నుంచి తెచ్చినవారు. ఇరుకు గదుల్లో రోజంతా గాజులకు రాళ్లు అద్దే పని వారిది. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గౌరవం మన ఉస్తాదుల చేతిపనికి దక్కింది. ఆ పేరు నిలవాలంటే, ఏ గాజు వెనకా పిల్లవాడి చెయ్యి లేదని చెప్పగలిగిన కట్టుబాటు కావాలి. ఆ కట్టుబాటు పోలీసుల దాడితో రాదు. యజమానులు తమలో తాము కూర్చుని, పనివారిని కూర్చోబెట్టుకుని పెట్టుకోవాలి.

తరచుగా వినిపించే అభ్యంతరాలు

"మా దగ్గర పనివాళ్లు ఇంట్లోవాళ్లలాంటివాళ్లు, వాళ్లతో మళ్లీ మీటింగులేమిటి?" అని కొందరు అంటారు. ఈ ఆప్యాయత నిజమే కావచ్చు. కానీ ఇంట్లోవాడు జీతం ఎంతో అడగడానికి మొహమాటపడతాడు. పేష్గీ తీసుకున్నవాడు అసలే నోరు తెరవడు. ఆప్యాయత ఉన్నచోట రాసుకోవడం ఇంకా సులభం. అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు ఎంత దగ్గరివారైనా రాసుకోమనే కదా మనకు నేర్పింది.

"మాట్లాడితే యూనియన్ వస్తుంది" అని ఇంకొందరు భయపడతారు. సంఘం పెట్టుకోవడం రాజ్యాంగం ఇచ్చిన హక్కు. యజమానులకు మార్కెట్ అసోసియేషన్ ఉన్నప్పుడు పనివారికి సంఘం ఉండటం తప్పెలా అవుతుంది? మాట వినేచోట గొడవ వీధి దాకా వెళ్లే అవసరం తగ్గుతుంది.

"మాకు మిగిలేదే తక్కువ" అనేది మూడో మాట. చిన్న వ్యాపారికి ఇది చాలాసార్లు నిజం. అయితే ఆ లెక్క పనివారి ముందు పెట్టినప్పుడే వారు నమ్ముతారు. పైగా అన్నీ ఖర్చుతో కూడినవి కావు. జీతం తారీఖు తప్పకపోవడానికి, వారానికి ఒక సెలవు ఖాయంగా ఇవ్వడానికి, బాగా లేవని పక్కన తీసేసిన బీడీలను ఆ చుట్టిన అమ్మ కళ్లముందే లెక్కపెట్టడానికి పెద్ద పెట్టుబడి అక్కర్లేదు.

ఖర్చయ్యేవాటిలోనూ లెక్క చూడండి. పదిమంది ఉన్నచోట, నెలకు 12,000 రూపాయల జీతగాడికి ఈఎస్ఐ కడితే, యజమాని వాటా 3.25 శాతం చొప్పున 390 రూపాయలు. పనివాడి వాటా 0.75 శాతం, 90 రూపాయలు. దీనితో అతనికి, అతని కుటుంబానికి వైద్యం అందుతుంది. జబ్బుపడితే ఏడాదికి 91 రోజుల వరకు జీతంలో 70 శాతం వస్తుంది. పనిలో గాయపడితే మళ్లీ పనికి వచ్చేవరకు 90 శాతం వస్తుంది. ఒక్క ఆపరేషన్‌కు ఎంతమంది దాతల తలుపు తట్టాలో గుర్తుచేసుకుంటే, ఈ 390 రూపాయల విలువ అర్థమవుతుంది.

ఏం చేయవచ్చు

మొదట, సొంత దుకాణంలో. మూడు నెలలకోసారి పనివారందరితో ఒక గంట కూర్చోండి. ఆ గంటకు కూలి కోయవద్దు. వ్యాపారం ఎలా ఉందో ముందు మీరు చెప్పండి. తర్వాత వారు చెప్పేది అడ్డుపడకుండా వినండి. కొత్తగా చేరినవారిని, ఆడవారిని, వేరే రాష్ట్రం నుంచి వచ్చినవారిని పేరు పెట్టి అడగండి, లేకపోతే వారు మాట్లాడరు. అనుకున్నది ఒక పుస్తకంలో వారికి అర్థమయ్యే భాషలో రాసి, మరుసటిసారి ముందుగా ఆ పేజీ చదవండి. మాట్లాడినందుకు ఎవరి పనీ పోకూడదు. ఒక్కరి పని పోయినా ఇక ఎవరూ నోరు విప్పరు.

రెండోది, మార్కెట్ అసోసియేషన్‌లో. మామూలుగా అక్కడ పార్కింగ్, కరెంటు, పన్నుల గురించి మాట్లాడుకుంటాం. ఏడాదికి ఒకసారైనా పని సంగతి ఎజెండాలో పెట్టించండి. కనీస కూలి, పని గంటలు, మంటలు ఆర్పే సాధనాలు, బాలకార్మికులు లేకపోవడం, ఈ నాలుగింటి మీద అందరికీ ఒకే మాట ఉండాలి. ఆ మాట కుదిర్చేటప్పుడు పనివారు తామే ఎన్నుకున్న ప్రతినిధులు ఎదురుగా ఉండాలి. వారి తరఫున మనం మాట్లాడేస్తే అది సంప్రదింపు కాదు.

మూడోది, ఇంటి దగ్గర పనిచేసే ఆడవారి విషయంలో. వారికీ యజమానికీ మధ్య కమీషన్‌దారు ఉంటాడు. రేటు ఎంతని అసలు యజమాని చెప్పాడో, వారి చేతికి ఎంత వస్తోందో రెండు చివరలా తెలియాలి. నెలకోసారి యజమాని తరఫు మనిషి నేరుగా బస్తీకి వచ్చి మాట్లాడితే సగం ఫిర్యాదులు అక్కడే తీరతాయి.

ఇక మన సొసైటీలాంటి సంస్థల వంతు. కూర్చోవడానికి హాలు ఇవ్వగలం. చట్టం తెలిసినవారిని పిలిపించి ఈఎస్ఐ, కనీస వేతనం, భద్రత గురించి రెండు పక్షాలకూ చెప్పించగలం. దరఖాస్తులో పని ప్రమాదం కనిపిస్తే, సాయం చేయడంతో ఆగకుండా, ఆ ప్రమాదం మళ్లీ జరగకుండా ఏం చేయాలో యజమానితో మర్యాదగా మాట్లాడగలం. పనివారి సంఘానికి బదులుగా మాత్రం మనం ఉండలేం, ఉండకూడదు.

దాతలకు ఒక మనవి

దానం ఎప్పుడూ కావాలి. అనాథ, వితంతువు, మంచాన పడ్డ ముసలివారు, వరద వచ్చిన ఊరు, వీరికి సాయం చేసే చెయ్యి ఆగకూడదు. కానీ రోజంతా పనిచేసే మనిషి దానం కోసం వరుసలో నిలబడే పరిస్థితి ఉంటే, ఆ వరుసను పొట్టి చేయగలిగింది ఆయనకు పని ఇచ్చినవారే. జకాత్ ఇవ్వడం వల్ల కూలి బాకీ తీరదు. అది వేరే లెక్క, ముందు తీరాల్సిన లెక్క.

ఈ సంచిక చదివిన ప్రతి యజమానినీ మేం కోరేది చిన్నది. వచ్చే మూడు నెలల్లో ఒక రోజు, ఒక గంట, మీ పనివారితో కూర్చోండి. "మన పనిచోట ఏది మారితే మీకు బాగుంటుంది?" అని అడగండి. చెప్పినవాటిలో ఒక్కటైనా వెంటనే చేయండి, చేయలేనిదానికి కారణం చెప్పండి. ఆ అనుభవాన్ని మీ అసోసియేషన్‌లో పంచుకోండి. అల్లాహ్ మన సంపాదనలో, మన దగ్గర పనిచేసేవారి సంపాదనలో బర్కత్ ప్రసాదించుగాక. ఆమీన్.